పాఠం చూపులు

హనుమకొండలో మేముండే ఇంటి బాల్కనీలో ఒక దొండతీగ ఉంది. కాయలు కాయడం మీద దానికి అంత శ్రద్ధ లేదు కానీ, ఆకులు మాత్రం కడ్డీలన్నీ కమ్మేస్తాయి. మొన్న వాన వెలిసిన పూట ముదురాకులు తెంపుతుంటే పసరు వేళ్లకు అంటుకుంది. ఆ పచ్చి వాసన, కాస్త చేదు కలిసిన తేమ వాసన ముక్కుకు తగలగానే చేతిలో పని ఆగిపోయింది. దొండాకు వాసనకు అందరికీ ఏం గుర్తొస్తుందో తెలియదు, నాకు మాత్రం బడి గుర్తొస్తుంది. శనివారం మధ్యాహ్నం, నలుపు వేయడానికి దించి గోడకు ఆనించిన నల్లబల్ల, కొబ్బరిచిప్ప నిండా నూరిన బొగ్గు, అందులో పిండిన దొండాకు పసరు, మోచేతుల దాకా నల్లబడి ఒకరి మూతికి ఒకరం పూసుకునే మేము. ఆ వెంటే, పిలవకుండానే, యశోద చిన్నమ్మ ముఖం గుర్తొస్తుంది. అది గుర్తొచ్చిన రోజు నాకు అన్నం సహించదు.

డెబ్బైల చివరి మాట ఇది. మా బడి మట్టెవాడలో ఒక సందు చివర, ఎవరిదో పాత పెంకుటింట్లో నడిచేది. గదికీ గదికీ మధ్య గోడలకు బదులు తడికెలుండేవి కాబట్టి మూడో తరగతి వాళ్ల తెలుగు పద్యం, అయిదో తరగతి వాళ్ల నదుల పేర్లు, మా ఎక్కాలు అన్నీ కలిసి ఒకే చెవిలో పడేవి. వానాకాలం వస్తే పెంకుల సందుల్లోంచి కారే నీళ్ల కింద బకెట్లు పెట్టి, వాటి చుట్టూ గోనెపట్టాలు వేసుకుని కూర్చునేవాళ్లం. అదే కాలంలో బయట బండి మీద కాల్చే మక్కకంకుల వాసన తడికెల్లోంచి వచ్చి మా ధ్యాసనంతా ఎత్తుకుపోయేది. చలికాలంలో జేబుల నిండా రేగుపండ్లు, ఎండాకాలం ఒంటిపూట బడి, ఇంటికి పోయే దారిలో తాటిముంజల గంపలు. అబ్బాయిలు కర్రా బిళ్లలతో చిర్రగోనె ఆడుతూ ఎవరి కన్నో పొడిచేదాకా ఊరుకోరని పెద్దసారు రోజూ తిట్టేవారు, వాళ్లు రోజూ ఆడేవాళ్లు. మేము వరండా మూల కచ్చకాయలు ఆడుకునేవాళ్లం.

మా అమ్మ ఆ బడిలోనే అయిదో తరగతికి టీచరు. నాలుగో తరగతి, అంటే నా తరగతి, యశోద టీచరుది. ఆమె మాకు చుట్టమేమీ కాదు. మా వాకిట్లోనే ఎదురింట్లో తల్లితోనూ తమ్ముడితోనూ అద్దెకుండేది, అమ్మను అక్కా అనేది, అందుకని నాకు చిన్నమ్మ అయింది. ఇంట్లో చిన్నమ్మ, బడిలో టీచర్; పొరపాటున బడిలో చిన్నమ్మా అని పిలిస్తే క్లాసంతా కిసుక్కుమనేది. ఆమెది నేత కుటుంబం. మరమగ్గాలను మా దిక్కు సాంచలంటారు. ఆ సాంచల షెడ్డులో దారపు కండెలు చుట్టే తల్లి పక్కనే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే లాంతరు పెట్టుకుని చదివి టీచరైన మనిషి. నల్లగా, సన్నగా, ఎప్పుడూ ఎదుటివాళ్ల ముఖంలోకి సూటిగా చూస్తూ ఉండేది. అంత శ్రద్ధగా వినే మనిషిని నేను మళ్లీ చూడలేదని చాలా కాలం అనుకున్నాను. ఆమె నౌకరి ఇంకా పర్మినెంట్ కాలేదు. ఆ ఇంట్లో ముగ్గురి తిండీ ఆ నౌకరి మీదే.

ఒక వానాకాలం మా పెద్దసారు ఏదో ట్రైనింగ్‌కు పోయి కొత్త ముచ్చట ఒకటి పట్టుకొచ్చారు. వారానికొకరు చొప్పున టీచర్లు ఒకరి తరగతిలో ఒకరు వెనక కూర్చొని పాఠం చూడాలట, చూసి మంచీ చెడూ చెప్పుకోవాలట, అట్లయితే అందరి పాఠమూ బాగుపడుతుందట. అంతవరకూ మా బడిలో వెనక కూర్చొని చూసేది ఇన్‌స్పెక్టరు ఒక్కడే, అదీ ఏడాదికొకసారి. మూడో తరగతి జనార్దన్ సారుకు వెటకారం ఎక్కువ, ఈ సంగతి వినగానే ఆయన దీనికి పాఠం చూపులని పేరు పెట్టారు. పెళ్లిచూపుల్లాగా పాఠం చూపులన్నమాట. పేరు ఎంత బాగా కుదిరిందంటే, పేరుతో పాటు పద్ధతులు కూడా వచ్చేశాయి. ఎవరి పాఠం చూస్తారో వాళ్లు ఆ రోజు ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చేవాళ్లు. చూడవచ్చిన వాళ్లకు ఏదో ఒకటి తినడానికి పెట్టాలి కాబట్టి పాఠం అయ్యాక పెద్దసారు గదిలో మక్కగారెలో, మురుకులో, పోపు వేసిన బొబ్బెర గుడాలో సిద్ధంగా ఉండేవి. తడికె సందులోంచి మేము వాసన చూసి ఏం వంటకమో పందెం వేసుకునేవాళ్లం.

ఇక అసలు పద్ధతి చివర ఉండేది. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చకపోతే మొహం మీద చెప్పరు కదా, మంచిగుందంటారు, ఇంటికి పోయి చెప్తామంటారు. అట్లాగే ఇక్కడా అందరూ గారెలు తిని, మూతులు తుడుచుకుని, పాఠం మంచిగుందనేవాళ్లు. పెద్దసారు మరీ గుచ్చి అడిగితే, ఇంటికి పోయి చెప్తం సార్ అని నవ్వేవాళ్లు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పిందిలేదు. పాపం పెద్దసారు ఒక్కరే దాన్ని నిజంగా నమ్మారు.

ఆ చూపుల్లో అందరికన్నా మంచి పేరు వచ్చింది యశోద చిన్నమ్మకు. ఆమె తరగతిలో ఏదైనా సరే అందరం కలిసి అరవాలి. "అందరనుండ్రి, ఇంకింత గట్టిగ!" అని చెయ్యి పైకి లేపితే పెంకులు అదిరేలా ఎక్కాలు అరిచేవాళ్లం. అది విని జనార్దన్ సారు ముగ్ధుడైపోయారు. పిల్లల్లో హుషారు అంటే ఇది, భయం పోవడమంటే ఇది అని, తన తరగతికి పోయి తనూ మొదలుపెట్టారు. ఆయన్ను చూసి ఒకటో తరగతి, రెండో తరగతి. వినాయక చవితి నాటికి బడి బడంతా అరుపులే. సందు మొదట్లో బట్టలు కుట్టే దర్జీ వచ్చి, "జర మెల్లగ చదివియ్యుండ్రి సార్, నా మిషిన్ సప్పుడు నాకే ఇనవడ్తలేదు" అని మొరపెట్టుకుని పోయాడు. పెద్దసారు మాత్రం మురిసిపోయారు, ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవడం అంటే ఇదేనన్నారు.

అమ్మ వంతు వచ్చింది. చవితి పోయిన వారం, చిన్నమ్మ పాఠం చూడటానికి మా తరగతికి వచ్చి, వెనక వరుస పక్కన పీట వేసుకుని కూర్చుంది. వెనక వరుసలో సమ్మక్క ఉండేది. వయసుకు మించిన పొడుగు కాబట్టి ఎప్పుడూ వెనకే. దాని తల్లి సాంచల షెడ్డులో కూలికి పోయేది. సమ్మక్క గొంతు ఎంత మెత్తనిదంటే పక్కన కూర్చున్నవాళ్లకే సగం వినపడేది. ఆ రోజు భాగహారం. నాలుగు వందల ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే నూట రెండు వస్తుందని, నడుమ సున్నా మరిచిపోయి పన్నెండని రాయవద్దని చిన్నమ్మ బల్ల మీద రాస్తోంది. వెనక సమ్మక్క లేచి నిలబడింది.

"టీచర్, పదుల కాడ ఏం రాలేదు గద. లేనిదాన్ని ఎందుకు రాయాలె?"

చిన్నమ్మ బల్ల దిక్కు నుంచి ఇటు తిరిగింది. లేచి నిలబడ్డ పిల్లను చూసింది. చల్లగా నవ్వి, "శాబాష్. కూసో" అంది.

సమ్మక్క కూర్చుంది. మేమెవరమూ నవ్వలేదు, ఎందుకంటే అందులో మాకు వింతేమీ లేదు. ముందు రెండు వరుసల వాళ్లు తప్పు చెబితే చిన్నమ్మ ఒక్క అక్షరం కూడా పోనిచ్చేది కాదు, వెనక వరుసల వాళ్లు ఏం చెప్పినా శాబాషే. ఎక్కం రానివాడు ఆ రోజు వెనక్కి పోయి కూర్చునేవాడు. ఒకడైతే ఏడో ఎక్కం అడిగినప్పుడు లేచి తను పొద్దున తిన్నవన్నీ ఏకరువు పెట్టి శాబాష్ అనిపించుకున్నాడు. ఒక సారు దగ్గర బెత్తం ఉన్నట్టు, ఒక టీచర్ దగ్గర వెనక వరుస ఉంది, అంతే అనుకున్నాం. కానీ అమ్మ ముఖం నాకు కనిపించింది. ఎన్నాళ్లుగానో ఇంట్లో ఉన్న మనిషిని మొదటిసారి చూసినట్టు ఆమె చిన్నమ్మను చూస్తోంది.

పెద్దసారు గదిలో ఆ రోజు సర్వపిండి. చిన్నమ్మ తల్లి పొద్దున్నే లేచి నువ్వులు, పల్లీలు దండిగా వేసి చేసింది. అందరూ మంచిగుందన్నారు, పాఠమూ పిండీ కలిపి. అమ్మ ముక్క చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. "ఏందక్కా, నువ్వేమంటవ్?" అని చిన్నమ్మ అడిగింది. "ఇంటికి పోయి చెప్త" అంది అమ్మ. గదంతా గొల్లుమని నవ్వింది, చిన్నమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది.

ఆ సాయంత్రం బాపు అన్నం తింటుంటే అమ్మ సంగతంతా చెప్పింది. బాపు బియ్యం దుకాణంలో గుమస్తా, మాటలు తూచి మాట్లాడే మనిషి. "నీకెందుకు? రేపో మాపో పర్మినెంట్ అయితదంటాండ్రు. దవాఖాన సర్టిఫికెట్ కావాలె దానికి. ఇప్పుడు నువ్వు నోరిప్పితె ఆ ఇంటోళ్ల కడుపు మీద కొట్టినట్టే" అన్నాడు.

"ఆ పోరి అడిగింది సూడు, అసొంటి సవాల్ నా క్లాసుల ఇంతవరకు ఒక్కలడుగలే" అంది అమ్మ. "ఆ పోరిని కూసో అన్నది."

ఆ తర్వాత అమ్మ ఏమీ చెప్పలేదు. చిన్నమ్మకు చెప్పలేదు, పెద్దసారుకూ చెప్పలేదు. అమ్మ చిన్నమ్మను గమనిస్తూ ఉండేది, అమ్మను గమనిస్తూ నేనూ గమనించేదాన్ని. చిన్నమ్మ ఎప్పుడూ గోడకు వీపు ఆనించే కూర్చునేది. మాట్లాడేవాళ్ల కళ్లలోకి కాదు, మూతి మీదికి చూసేది. దీపం లేని చోట మాటలు తగ్గించేసేది. ఎవరైనా నవ్వితే తనూ నవ్వేది, ఒక్క క్షణం ఆలస్యంగా. ఇన్నాళ్లూ శ్రద్ధ అనుకున్నది ఏమిటో అప్పుడు తెలిసి నాకు ఏడుపొచ్చింది. బడిలో సమ్మక్క మళ్లీ లేచి నిలబడలేదు. అమ్మ రోజూ ఇవాళ చెప్తాననుకున్నట్టే ఉండేది, ఎదురింటి వాకిలి దాకా పోయి ఏ కరివేపాకో అడిగి తిరిగి వచ్చేది.

పెత్రమాస అమావాస్య వచ్చింది, బతుకమ్మలు మొదలయ్యాయి. మా వాకిలంతా తంగేడు, గునుగు, కట్లపూలు. గునుగుపూల కొసలకు రంగులద్ది ఆరబెడితే గాలికి చీరలన్నీ రంగులయ్యేవి. సత్తుపిండి కొట్టే రోకళ్ల చప్పుడు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి సాగేది. చివరిదైన సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం చిన్నమ్మ మా గడప దగ్గర కూర్చొని తంగేడు కొమ్మలు తెంపి పళ్లెంలో పేరుస్తోంది, ఆమె ఎదురుగా నేను. లోపలి నుంచి అమ్మ వచ్చి ఆమె వెనక నిలబడి, "యశోదా, ఆ గునుగు గంప ఇటియ్యి" అంది. చిన్నమ్మ పూలు పేరుస్తూనే ఉంది. అమ్మ మళ్లీ పిలిచింది. ఈసారి గంప కోసం పిలవలేదని నాకు తెలిసింది. గొంతు పెంచకుండా, తగ్గించకుండా మళ్లీ మళ్లీ అదే పేరు పిలిచింది. నా చేతిలో పూలు అట్లాగే ఉండిపోయాయి. చిన్నమ్మ తలెత్తి నా ముఖం చూసి, నా కళ్లు ఎటు చూస్తున్నాయో అటు తిరిగింది.

"ఎంతసేపటి సంది పిలుస్తానవక్కా?"

అమ్మ వంగి గునుగు గంపను పక్కకు జరిపింది.

"పిల్ల ముంగట నాకు పరీక్ష వెట్టినవా? ఆనాడు నా పాఠం సూసెటందుకు వచ్చినవా, నన్ను పట్టుకునెటందుకు వచ్చినవా?"

"పట్టుకునుడు కాదే యశోదా. ఎన్క కూసున్న సమ్మక్క ఏమడిగిందో నీకెరుకేనా?" అని అమ్మ ముందుకు వచ్చి కూర్చొని, ఆ ప్రశ్నను ఒక్కొక్క మాటే చెప్పింది. చిన్నమ్మ అమ్మ పెదవుల మీది నుంచి దాన్ని చదువుకుంది. పళ్లెంలో ఒక తంగేడు కొమ్మను సరిచేసింది.

"ఎప్పుడడిగింది?"

"నేను వచ్చిన్నాడే."

"నెల ఐతాంది గదక్కా. ఎరుక ఉండి నెల సంది ఊకున్నవా?"

"నీ నౌకరి పోతదేమో అని ఊకున్న."

"నా నౌకరికి ఫికర్ జేసినవ్. మరి ఆ పోరికెవలు జెయ్యాలె?" అని లేచిపోయింది. సగం పేర్చిన బతుకమ్మ మా గడప దగ్గరే ఉంది. ఆమె చెప్పినదాంట్లో న్యాయమూ ఉంది, అన్యాయమూ ఉంది. అమ్మ దాచింది నెల, తాను దాచింది ఎన్నేళ్లో. కానీ ఆ మాట అమ్మకు గుచ్చుకున్న చోటు నుంచి మళ్లీ ఊడి రాలేదు. ఆ రాత్రి సందులో బతుకమ్మ ఆడినప్పుడు ఇద్దరూ చెరో దిక్కు నిలబడ్డారు.

దసరా సెలవులు అయ్యాక బడి తెరిస్తే సమ్మక్క రాలేదు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయింది. దాని తల్లి వాకిలి ఊడుస్తూనే చెప్పింది. "పోనంటాంది టీచరమ్మ. అడిగినా ఎవ్వలు జెప్తలేరంటాంది. ఊకె కూసునుడేంది, కండెలన్న సుడ్తదని నా ఎంబడి తోల్కపోతాన." అమ్మ బతిమిలాడింది, కసిరింది, చివరికి చేతులు పట్టుకుంది. దారి పొడుగునా నా చెయ్యి నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుని నడిచింది.

బడిలో చిన్నమ్మ తరగతి మారిపోయింది. గోనెపట్టాలు గుండ్రంగా పరిపించింది. అరుపులు మాన్పించింది. ఒక్కొక్కరి ముందు వంగి, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, "ఇగ చెప్పు" అనేది. వెనక వరుస అనేది లేకపోవడంతో మా వాళ్లు చాలామంది తెల్లమొహం వేశారు. పక్క తరగతుల్లో మాత్రం అరుపులు అట్లాగే సాగాయి, ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. చిన్నమ్మ సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు. దవాఖానలో డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాడట, సర్టిఫికెట్ వచ్చింది, నౌకరి పర్మినెంట్ అయింది. ఆ సంతోషానికి వాకిలంతా బెల్లం పంచారు, మా ఇంటికి మాత్రం తమ్ముడి చేత పంపించింది.

చలికాలంలో ఒక సాయంత్రం, ఆఖరుసారి అడిగి చూద్దామని అమ్మ సాంచల షెడ్డుకు బయలుదేరింది, నేనూ వెంట వెళ్లాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికే ఆ మోతకు నా పళ్లు జిల్లుమన్నాయి. లోపల కూలీలందరూ మూతులు కదుపుతున్నారు, చేతులు తిప్పుతున్నారు, నవ్వుకుంటున్నారు, ఒక్క మాట మాకు వినిపించదు. వాళ్లకూ వినిపించదు, ఆ షెడ్డులో అందరూ మాటను కళ్లతోనే పట్టుకుంటారు. మూలన కండెల గంప దగ్గర సమ్మక్క. దాని ఎదురుగా, మోకాళ్లు తాకేంత దగ్గరగా, యశోద చిన్నమ్మ.

సమ్మక్క మాట్లాడుతోంది. దాని మూతి ఆగకుండా కదులుతోంది, అంతసేపు అది మాట్లాడగా నేను ఎన్నడూ చూడలేదు. చిన్నమ్మ రెప్ప కొట్టకుండా చూస్తోంది. తర్వాత పలక తీసి ఒకటి, సున్నా, రెండు రాసింది. లేచి, దారపు కండెలు వరుసగా తగిలించే మేకుల చట్రం దగ్గరికి దాన్ని తీసుకుపోయింది. వరుసలో నడుమ మేకు మీది కండెను తీసేసి ఆ ఖాళీ మేకును వేలితో చూపించింది. పక్క కండెను తెచ్చి ఆ ఖాళీలో పెట్టింది; వెంటనే ఎర్రదారం తెల్లదారం రావాల్సిన చోటికి జరిగింది. మళ్లీ తీసి, మేకును ఖాళీగా వదిలేసి, పలక మీద సున్నా చుట్టూ వేలు తిప్పింది. సమ్మక్క మేకును చూసింది, పలకను చూసింది. రెండు చేతులూ మూతికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు. వాళ్లిద్దరూ మమ్మల్ని చూడలేదు. మేము తిరిగి వచ్చేశాం. మోత వెనకబడి మాటలు వినపడే దాకా నడిచాక, "నాకైతె అట్ల చెప్పరాదు" అంది అమ్మ. ఆమె కళ్లు తుడుచుకోవడం చూసి నాకు భయమేసింది.

"ఆ మాట చిన్నమ్మకు చెప్పరాదె అమ్మా" అన్నాను.

"చెప్త తియ్" అంది.

చెప్పలేదు. మొదట కోపాలు చల్లారనీ అనుకుంది. అంతలో పర్మినెంట్ అయిన చోట పోస్టింగ్ వచ్చి చిన్నమ్మ వాళ్లు రఘునాథపల్లి దిక్కుకు పోయారు. పెద్దసారు రిటైరయ్యారు, పాఠం చూపులూ మక్కగారెలూ ఆయనతోనే పోయాయి. సమ్మక్క బడికి తిరిగి రాలేదు. చిన్నమ్మ వెళ్లిపోయాక ఆ సాయంత్రాలు కూడా దానికి లేకుండా పోయాయి. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. అమ్మ పోయేముందు మంచంలో ఉన్న రోజుల్లో కూడా రెండుసార్లు ఆ షెడ్డు మాటెత్తింది. అన్ని పాఠాలకూ ఉత్తపుణ్యానికి మంచిగుందన్న, మంచిగున్నదానికి అనకపోతి అని బాధపడింది.

పోయినేడు నేను రఘునాథపల్లి వెళ్లాను. చిన్నమ్మ తమ్ముడింట్లో ఉంటోంది. తమ్ముడి భార్య నన్ను లోపలికి తీసుకుపోతూ, "కండ్లు కనవడయి, చెవులు ముందటి సందే లెవ్వు. ఎవలన్న వచ్చి చెయ్యి పట్టుకుంటె మనిషి వచ్చిండని మాత్రం ఎరుకైతది" అంది. కుర్చీలో గోడకు వీపు ఆనించి కూర్చొని ఉంది చిన్నమ్మ. నేను ఎదురుగా స్టూలు వేసుకుని, మోకాళ్లు తాకేంత దగ్గరగా కూర్చొని, ఆమె చేయి పట్టుకున్నాను. వచ్చే దారిలో చూశాను, మట్టెవాడలో మా బడి లేదు, షెడ్డు ఉన్న చోట ఫంక్షన్ హాలు ఉంది, దొండాకు పసరు పూసిన నల్లబల్ల ఈ కాలం పిల్లలకు చెప్పినా అర్థం కాదు. ఈ ఒక్క మాట మాత్రం ఇంకా నా దగ్గర మిగిలి ఉంది, దాన్ని ఇచ్చేసి పోదామని వచ్చాను.

"చిన్నమ్మా, సాంచల షెడ్డుల సమ్మక్కకు నువ్వు చెప్పిన పాఠం మా అమ్మ చూసింది. నాకైతె అట్ల చెప్పరాదు అన్నది."

పెదవులు బాగా కదిలిస్తూ, ఒక్కొక్క మాటే, మళ్లీ చెప్పాను. ఆమె చూపు నా ముఖానికి కాస్త పక్కగా ఎక్కడో వెతికింది. నా చేతిని రెండుసార్లు తట్టింది. తర్వాత, ఆ పాత చల్లని నవ్వే నవ్వి, "శాబాష్. కూసో" అంది.

నేను కూర్చునే ఉన్నాను.